అరకిలో దమ్‌రూట్

వెంకటేష్‌కు సిగ్గనేది ఉండి ఉంటే, పెళ్లాం కడుపుతో ఉన్నప్పుడు తిన్న తిండి గురించి ఏళ్ల తరబడి ఊరంతా చెప్పుకుంటూ తిరిగేవాడు కాదు. ఉంటే కదా!

అప్పట్లో అతను కుప్పంలో ఒక నెట్ సెంటర్‌లో పనిచేసేవాడు. కొట్టు మూశాక కంప్యూటర్లను ఖాళీగా ఉంచకుండా, ఎవరో నేర్పిన విద్యతో బిట్‌కాయిన్లు పోగేసేవాడు. వాటికి విలువ వస్తుందన్న నమ్మకం అతనికీ లేదు. కరెంటు బిల్లు ఓనరు కట్టేవాడు గనక అదొక సరదా, అంతే. భార్య కల్పనకు అప్పుడు వేవిళ్లు. ఏది తిన్నా వాంతి అయ్యేది. ఒకరోజు ఉన్నట్టుండి దమ్‌రూట్ కావాలంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆవుల బేరానికి బెంగళూరు వెళ్లినప్పుడల్లా తెచ్చే బూడిదగుమ్మడి మిఠాయి అది. నెలాఖరు కావడంతో వెంకటేష్ జేబులో చిల్లిగవ్వ లేదు. బెంగళూరులో ఉన్న స్నేహితుడు గోపాలస్వామి, "నీ కాయిన్లన్నీ నాకు పంపు, మిఠాయి నేను పంపిస్తా" అన్నాడు నవ్వుతూ. మర్నాడు పొద్దున రైల్లో అరకిలో దమ్‌రూట్ కుప్పంలో దిగింది. కల్పన తింటూ ఉంటే వెంకటేష్ ఎదురుగా కూర్చుని మురిసిపోతూ చూశాడు. అవును, మురిసిపోయాడు. ఆ సంగతి మాత్రం ఇప్పుడు ఎవరికీ చెప్పడు.

తర్వాత ఆ కాయిన్ల ధర ఆకాశానికి ఎక్కింది. గోపాలస్వామి బెంగళూరులో మేడ కట్టాడు. వెంకటేష్ మదనపల్లెలో అద్దె కొట్టు పెట్టుకుని సెల్‌ఫోన్లకు అద్దాలు మారుస్తున్నాడు. మొదట్లో తనమీద తనే నవ్వుకునేవాడు. రానురాను ఆ నవ్వు పులిసిపోయింది. కల్పన చీర అడిగినా, కుక్కర్‌కు రబ్బరు అడిగినా ఒకటే మాట.

"ఒకతూరి అడిగి తింటివి గదా, సాల్లేదా?"

మాటలు పడీ పడీ ఆమె కూడా ఒక జవాబు పట్టుకుంది. "నేను మొగం వాసి అడిగినానా? కడుపులో బిడ్డ అడిగింది!"

వాళ్ల పక్క అందరూ నమ్మేదే అది. చూలింత కోరిక ఆమెది కాదు, లోపలి బిడ్డది. కాదంటే పాపం. ఆ మాటకు మొగుడి నోరు కాసేపు మూతపడేది. కల్పనకు అంతే చాలు. పక్కగదిలో చదువుకుంటున్న కూతురు యమున వింటోందేమోనన్న ఆలోచన ఆమెకు రాలేదు.

మొన్న పుంగనూరులో, కల్పన పుట్టింట్లో, ఆమె చెల్లెలు నవనీతకు సీమంతం గాజులు తొడిగారు. తల్లి తాయమ్మ నవనీత బుగ్గలకు పసుపు రాసి, "ఏం తినాలనుండాది సెప్పమ్మా, మనసులో పెట్టుకోవద్దు" అంది. నవనీత సిగ్గుపడుతూ నోరు తెరవబోయింది.

"జాగర్త నవనీతా!" అన్నాడు వెంకటేష్ వెనకనుంచి. "మీ అక్క ఇట్లే అడిగి నా మేడ మింగేసింది."

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. నవనీత నోరు మూసుకుంది. కల్పనకు ఒళ్లు మండిపోయింది.

"అడిగింది నేను గాదు, బిడ్డ! ఎన్నిసార్లు సెప్పాల మీకు?" అంది అందరికీ వినిపించేలా.

మైసూరుపాకు పంచుతున్న యమున పళ్లెం కింద పెట్టి, తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, అడిగింది నేనే గదా. అమ్మను ఇంకేమీ అనొద్దు. నేను ఉద్యోగం చేసి నీ మేడ కట్టిస్తాలే."

ఎవరూ నవ్వలేదు. వెంకటేష్ పళ్లికిలించి, "సరే, ఈ మాట మర్సిపోవద్దు" అన్నాడు. యమున బుద్ధిగా తలూపింది.

కల్పన లేచి వచ్చి కూతురి భుజాలు పట్టుకుంది.

"కాదు తల్లీ. నేనే అడిగినా. నాకే నోరూరింది. బిడ్డా లేదు, గిడ్డా లేదు, నాకే తినాలనిపించింది!"

"ఊరుకోమ్మా" అంది యమున నెమ్మదిగా, తల్లి చేతులు విడిపించుకుంటూ. "నేను బాధపడతానని ఇప్పుడు అట్లా సెప్తాండావు."