వరల్డు తోటలో చిన్నమణి

నేను సింగపూరు నుంచి తిరిగి వచ్చి మూడు నెలలైంది. గుడియాత్తంలో మా బడి ఉపాధ్యాయులు గానీ, మా నేతవీధి వాళ్ళు గానీ నన్ను చూడగానే అడిగేది ఒక్కటే. "అయ్యవారూ, ఆడ వరల్డు అని పెద్ద తోట ఉండాదంట గదా, చూసినారా?"

చూశానని చెబుతాను. మన కొండమీది కోటంత ఎత్తున తిరిగే రాట్నం, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోయే చిన్న కార్లు, చీకటి గుహలోకి దూరి దయ్యాల మధ్య నుంచి బయటికి వచ్చే రైలు, ఒకే ఆవరణలో మూడు సినిమా కొట్టాయిలు. వాళ్ళు నోరు తెరుచుకుని వింటారు. నేను చెప్పేదంతా నిజమే. అయితే ఆ తోటలో నాకు జరిగిన అసలు సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నా భార్య పచ్చయమ్మ నిరుడు అక్టోబరులో పోయింది. కడుపులో గడ్డ. వేలూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి నెమ్మదిగా చెప్పింది, ఇంక కొన్ని వారాలేనని. అదే వారం చిత్తూరు జిల్లా ఆంధ్రరాష్ట్రంలోకి పోయింది, మా గుడియాత్తం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. పక్క మంచం ఆమె పలమనేరు మనిషి. మా పచ్చయమ్మ ఆమెతో, "నిన్నటిదాకా పరదరామి దాటితే మా పిన్నమ్మ ఊరు. ఇంక ఆమె ఇంటికి పోవాల్నంటే రాష్ట్రం దాటి పోవాల్నేమో" అని నవ్వింది. నవ్వితే నొప్పి వచ్చింది. నొప్పి తగ్గాక నన్ను దగ్గరికి పిలిచింది.

"వళ్ళికి జాబు రాయొద్దు" అంది.

వళ్ళి మా ఒక్కగానొక్క కూతురు. అల్లుడు ధనపాల్ గుడియాత్తం లుంగీలు సింగపూరులో అమ్మే కంపెనీకి ఏజెంటు. వళ్ళికి అప్పుడు ఏడో నెల. అంతకు ముందు ఏడాది ఒక కాన్పు పోయింది.

"తెలిస్తే పడవెక్కుతాది. అది మొండిది. కడుపులోది నిలవదు. కాన్పయినాక రాయి."

నేను ఒప్పుకున్నాను. అప్పటినుంచి వళ్ళికి నాలుగు జాబులు రాశాను. నాలుగింటిలోనూ మొదటి వాక్యం ఒకటే: ఇక్కడ అందరం క్షేమం. చివరి రెండూ రాసేనాటికి పచ్చయమ్మ లేదు. "అమ్మ నాలుగు మాటలు చెప్పి రాయించలేదేమి?" అని వళ్ళి అడిగితే, మగ్గం పనిలో తీరిక లేదని రాశాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు మాటలు నేర్పుతున్న మనిషిని. ఆ మాటలు నా చేత్తో నేనే రాశాను. డిసెంబరులో నాలుగు మూలలా పసుపు పూసిన జాబు వచ్చింది, మగపిల్లవాడు పుట్టాడని. ఆ సాయంత్రమే కూర్చుని నిజం రాశాను.

దానికి వళ్ళి నుంచి జవాబు రాలేదు. ఏప్రిల్‌లో ధనపాల్ పడవ టికెట్టు పంపాడు. వేసవి సెలవులకు రమ్మని అతనే రాశాడు.

సింగపూరులో వళ్ళి నన్ను బాగానే చూసుకుంది. వేళకు కాఫీ, వేళకు అన్నం. "నీళ్ళు తోడినా, స్నానం చెయ్యి నాయనా" అనేది. అంతకు మించి మాట లేదు. వాళ్ళ అమ్మ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒకరోజు మాత్రం వంటింట్లో నుంచే, నావైపు తిరగకుండా అంది: "రెండు నెలలు పూలు పెట్టుకుని తిరిగినాను. అమ్మ లేకుండా పోయిందని తెలీక."

తాగిన కాఫీ గ్లాసు తీసుకుపోయి వంటింటి గడప దగ్గర పెట్టాను.

నాలుగేళ్ళ మనవరాలు చిన్నమణి నా దగ్గరికి వస్తే వళ్ళి ఏదో పని చెప్పి పిలుచుకునేది. నేను వీధి చివర అంగడికి పోతూ పాపను తీసుకుపోతానంటే, "వద్దులే, ఇంట్లో ఉండనీ" అనేది. నా మాట మీద ఆమెకు నమ్మకం పోయిందని, అది నేను చేతులారా పోగొట్టుకున్నదేనని నాకు తెలుసు. తిరుగు పడవకు పది రోజులే ఉంది. ఈ పది రోజుల్లో నా కూతురు నాతో ఒక్క మాట మనసిచ్చి మాట్లాడుతుందా, లేక ఇలాగే ఓడరేవుకు వచ్చి దండం పెట్టి పంపేస్తుందా అన్నదే నా దిగులు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ధనపాల్ అందరినీ వరల్డుకు బయలుదేరదీశాడు. చంటిబిడ్డ వళ్ళి భుజం మీద. చిన్నమణి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని గంతులు.

లోపలికి పోగానే నాలుగు దిక్కులనుంచి నాలుగు రకాల పాటలు. చైనావాళ్ళు, మలాయివాళ్ళు, మన తంజావూరు వాళ్ళు, తెల్లదొరల పిల్లలు, అందరూ ఒకే దుమ్ములో. ధనపాల్‌కు నోరు ఊరికే ఉండదు.

"చూడండి మామా, ఈ కార్లు గుద్దుకునేదానికే టికెట్టు తీస్తారు. మన వేలూరు బస్సు స్టాండులో అయితే ఊరికేనే గుద్దుతారు!"

"నువ్వెక్కు, అల్లుడూ" అన్నాను.

"అయ్యో వేండాం, వద్దు మామా. ఇంట్లో దినమూ మీ కూతురితో గుద్దించుకుంటా ఉండా."

వళ్ళి నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకున్నట్లు కనిపించింది. నాకు అదే చాలనిపించింది.

పెద్ద రాట్నం టికెట్ల కోసం ధనపాల్ వరుసలో నిలబడ్డాడు. అంతలో చంటిబిడ్డ ఆకలికి ఏడుపు అందుకున్నాడు. ఆడవాళ్ళు కూర్చునే రేకుల కొట్టం కొంచెం దూరంలో ఉంది. వళ్ళి చుట్టూ చూసింది. ధనపాల్ వరుస మధ్యలో ఇరుక్కుని ఉన్నాడు. ఇంకెవరూ లేరు. చిన్నమణి చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పట్టుకో నాయనా. విడవొద్దు."

"విడవను" అన్నాను.

ఆమె కొట్టంలోకి పోయింది. మాకు ఎదురుగా పెద్ద మైదానం. అందులో చైనావాళ్ళ గారడీ ఏదో మొదలు కాబోతోంది. జనాన్ని ఆపడానికి గుంజలు నాటి, మా నేతవీధి అంత పొడవున లావుపాటి తాడు లాగి కట్టారు. ఉన్నట్టుండి డప్పులు మోగాయి. వెనకనుంచి జనం ఒక్కసారిగా కదిలారు. అందరూ వంగి తాడు కింద దూరి లోపలికి పరుగెత్తుతున్నారు. నా కాళ్ళు మాత్రం తాడు దగ్గర ఆగిపోయాయి.

దీనికి కారణం చెప్పాలి. మా వీధిలో మగ్గానికెక్కించే పడుగు నూలును పావు అంటారు. తెల్లవారుతూనే వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా పావు లాగి కట్టి గంజి పట్టిస్తారు. అది ఆరేదాకా దాన్ని ఎవరూ దాటకూడదు, కింద దూరకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే, కొసదాకా నడిచి చుట్టి రావాలి. నేను చదువుకని వేలూరులో పెరిగినవాడిని. పెళ్ళైన కొత్తలో బడికి ఆలస్యమైందని ఒకసారి పావు కింద దూరాను. పచ్చయమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తరువాత ఎన్నడూ దూరలేదు. తాడైనా, దండెమైనా, లాగి కట్టినదేది కనిపించినా నా కాళ్ళు వాటంతట అవే పక్కకు తిరుగుతాయి.

అక్కడా అలాగే ఆగాను. వెనకనుంచి ఎవరో తోశారు. నేను తూలి గుంజను పట్టుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నానని నాకు తెలిసేసరికి పక్కన చిన్నమణి లేదు.

పిల్లలందరూ తాడు కింద దూరిపోతున్నారు. ఇది సింగపూరులో పుట్టిన పిల్ల. పావు అంటే ఏమో చూసి ఎరగదు. ఆ పిల్లలతో పాటు లోపలికే పోయి ఉంటుందని అనుకున్నాను. అనుకుని, వంగి, తాడు కింద దూరాను.

లోపల ఎంతసేపు తిరిగానో తెలియదు. "చిన్నమణీ" అని అరుస్తుంటే నా గొంతు నాకే వినబడలేదు. నీలం గౌను వేసుకున్న ప్రతి పిల్లనూ భుజం పట్టి తిప్పి చూశాను. ఒక తల్లి నన్ను కసిరింది. భాష తెలియకపోయినా అర్థమైంది.

తల ఎత్తేసరికి తాడు అవతల వళ్ళి నిలబడి ఉంది. బిడ్డ భుజం మీద నిద్రపోతున్నాడు. ఆమె కళ్ళు నా చేతుల మీద ఉన్నాయి.

"పాప యాడ నాయనా?"

"జనం తోసినారు. తాడు కింద దూరి లోపలికి పోయింది."

"పోతావుంటే నువ్వు చూసినావా?"

చూశానని చెప్పడం సులువు. "లేదమ్మా. చూడలేదు. పోయిందనుకున్నాను" అన్నాను.

వళ్ళి ఒక్క క్షణం నన్ను చూసింది. తరువాత తాడును చూసింది.

"అది తాడు కింద దూరదు."

"చిన్నపిల్ల, అందరితో పాటు..."

"దూరదు నాయనా. అవ్వ తిడతాదని చెప్పి నేనే నేర్పినా. గుడ్డలారేసిన దండెం కింద కూడా పోదు, చుట్టి వస్తాది. మా పక్కింటోళ్ళంతా నవ్వుతారు." బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "ఏదో ఒక కొసకు పోయుంటాది. నువ్వు ఆ పక్క పో. నేను ఈ పక్క పోతా."

తాడు పట్టుకుని నడిచాను. గుంజ తరువాత గుంజ. కొస గుంజ దగ్గర అనాసపండు ముక్కలు అమ్ముకునే ఒక చైనా ముసలమ్మ ఉంది. ఆమె పక్కన బోర్లించిన పెట్టె మీద చిన్నమణి కూర్చుని ఉంది. చేతిలో పండుముక్క. ముసలమ్మ ఒక చేత్తో పండు కోస్తూ, రెండో చేత్తో పిల్ల గౌను అంచు పట్టుకుని ఉంది, ఎక్కడికీ పోకుండా. ఆమె ముందు చేతులు జోడించాను. ఆమె తల ఊపి ఇంకో ముక్క కోసి నాకిచ్చింది.

చిన్నమణి నన్ను చూసి ఏడవలేదు. కోపంగా లేచి నిలబడింది.

"తాతా, నువ్వు దూరినావు! నేను చూసినా."

"అవునమ్మా. తప్పే."

"కొసకు వచ్చినా. నువ్వు రానేలేదు. అవ్వ తిడతాది నిన్ను. బాగా తిడతాది."

అప్పటికి వళ్ళి రెండో కొస చూసి వెనక్కి పరుగెత్తుకొచ్చింది. రొప్పుతూ పిల్లను ఒక చేత్తో దగ్గరికి లాక్కుంది. చిన్నమణి తల్లి మెడ పట్టుకుని ఫిర్యాదు చేసింది.

"అమ్మా, తాత తాడు కింద దూరినాడు. అవ్వకు జాబు రాయి. ఈ దినమే రాయి."

వళ్ళి ముఖం చూశాను. ఆమె తల వంచుకుంది. వాళ్ళ అవ్వ లేదన్న సంగతి పిల్లకు ఇంకా చెప్పలేదని అప్పుడు నాకు అర్థమైంది. నా జాబు అంది అయిదారు నెలలైంది. పిల్ల అడిగినప్పుడల్లా అవ్వ గుడియాత్తంలో మగ్గం నేస్తోందని చెబుతూ వచ్చింది కాబోలు.

"నోరు రాలేదు నాయనా" అంది. "రేపు చెబుదాము, ఎల్లుండి చెబుదాము అనుకుంటానే ఉండా."

"తెలుసమ్మా" అన్నాను.

వళ్ళి ఆ పెట్టె మీద కూర్చుంది. తరువాత అడిగింది.

"అమ్మ నన్ను అడిగిందా? కడపట్లో?"

ఆమెకు ఏ జవాబు కావాలో నాకు తెలుసు. ఆ జవాబు చెప్పి ఉంటే నమ్మేదేమో కూడా.

"అడగలేదు వళ్ళీ. ఒక్కసారి కూడా నీ పేరు ఎత్తలేదు. ఎత్తితే నేను తట్టుకోలేక జాబు రాసేస్తానని ఆమె భయం. నేనే ఒకసారి నీ మాట ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టింది. కడపటి రెండు దినాలు తెలివి లేదు. నేను మాత్రమే ఉన్నాను."

వళ్ళి కళ్ళు తుడుచుకుంది. తరువాత చెయ్యి చాపి, చెమటకు తడిసిన నా చొక్కా చేతిని పట్టుకుంది.

"నువ్వొక్కడివే ఉండినావు ఆడ" అంది.

పచ్చయమ్మ పోయాక చాలామంది నన్ను ఓదార్చారు. వాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ ఒక్క మాట ఎవరూ అనలేదు.

వళ్ళి చిన్నమణిని ఎదురుగా నిలబెట్టుకుని, రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. అవ్వ ఒళ్ళు బాగలేక చనిపోయిందని, ఇంక రాదని, జాబు రాసినా వినేదానికి ఆమె లేదని. సాగదీయకుండా, దాచకుండా చెప్పింది. చిన్నమణి విన్నది. పండుముక్క చేతిలోనే ఉండిపోయింది. నావైపు చూసింది, మళ్ళీ తల్లివైపు చూసింది.

"మరి ఇంక తాతను ఎవురు తిడతారు?"

"నేను తిడతా" అంది వళ్ళి.

ఆ పూటే మొదలుపెట్టింది. ధనపాల్ టికెట్లు ఊపుకుంటూ, "యాడికి పోయినారు మీరంతా? రాట్నం కాడ నన్ను ముగ్గురు తిట్టినారు" అని వచ్చేసరికి, నా కూతురు నన్ను తిడుతూ ఉంది. పిల్ల చెయ్యి విడిచినందుకు, నాలుగు జాబులు రాసినందుకు, వేళకు తినక చిక్కిపోయినందుకు, ఊళ్ళో ఒంటరిగా వండుకుంటున్నానని రాయనందుకు. ధనపాల్ బెదిరి నావైపు చూశాడు. ఏమీ లేదని సైగ చేశాను. పెద్ద రాట్నం దాకా నడిచినంతసేపూ వళ్ళి ఆపలేదు. నేను చిన్నమణిని చంకనెత్తుకుని, ఒక్క మాటకూ అడ్డం చెప్పకుండా, చల్లగా వింటూ నడిచాను.