వంటింట్లోంచి కిస్తీ

ఆటో అమ్మేద్దామన్న మాట బ్లెస్సీయే అంది.

అంద్రెయ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కుడికాలికి మోకాలి దాకా పిండికట్టు ఉంది. కిందటి వారం వానకి చిత్తడిగా ఉన్న రోడ్డు మీద గేదె అడ్డం వస్తే, తప్పించబోయి ఆటోని కాలవ గట్టు మీదికి ఒరిగించాడు. ఆటోకి ఒక అద్దం పగిలింది, అంతే. అతని కాలు మాత్రం విరిగింది.

"రెండు నెలలు మీరు బండెక్కలేరు. కిస్తీ కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లొచ్చి తోలుకుపోతారు. అంతదాకా ఎందుకండీ? మనమే అమ్ముకుంటే నాలుగు డబ్బులైనా మిగులుతాయి," అంది జడ అల్లుకుంటూ.

కోపంగా అనలేదు. అందుకే అతనికి ఎక్కువ బాధేసింది. ఆ ఆటో కొనుక్కోకముందు అంద్రెయ చాలా ఏళ్లు ఇంకొకళ్ల ఆటోలు అద్దెకి తోలాడు. సొంత బండికి తాళం వేసి ఇంటికొచ్చిన మొదటి రోజు సంతోషం ఇంకా పచ్చిగానే ఉంది.

"ఒక్క నెల ఆగు," అన్నాడు.

"ఆగితే ఏమొస్తుంది?"

బ్లెస్సీ బ్యాగు భుజానికి తగిలించుకుని వేమూరు స్టేషనుకి బయల్దేరింది. ఆమె తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పొద్దున రేపల్లె పాసింజరులో వెళ్లి సాయంత్రం తిరిగొస్తుంది. ఇకమీదట ఆ పద్దెనిమిది వేల జీతమే ఇంటికి ఆధారం. అందులో ఎనిమిది వేలు ఆటో కిస్తీకి పోతే మిగిలినదాంతో ముగ్గురూ ఎలా తినాలన్నదే ఆమె లెక్క.

కూతురు స్నేహ బడికెళ్లిపోయాక ఇల్లు నిశ్శబ్దమైంది. ఏమీ తోచక అంద్రెయ ఫోన్ తీసి, బ్యాంకులో ఎంతుందో చూద్దామని డబ్బు కట్టిన మెసేజీలు వెనక్కి తిప్పాడు. టిఫిన్ బండికి అరవై. కర్రీ పాయింట్‌కి నూట ఇరవై. పరోటాలకి తొంభై. బేకరీకి డెబ్భై. మళ్లీ టిఫిన్ బండి. ఒక్కొక్కటీ చూస్తే ఏపాటిది అనిపిస్తుంది. నెల మొత్తం కూడితే పదహారు వేలు దాటింది. తప్పు కూడానేమోనని ఇంకోసారి కూడాడు. ఈసారి ఇంకో నాలుగొందలు పెరిగింది.

తప్పు ఎవరిదని చెప్పడానికి లేదు. తెల్లారకముందే అతను మొదటి బేరానికి వెళ్లేవాడు, ఆ వెనకే బ్లెస్సీ రైలుకి పరుగెత్తేది. ఇంట్లో అన్నం ఒక్కటే ఉడికేది. టిఫిన్లు బండి నుంచి, కూరలు కర్రీ పాయింట్ నుంచి వచ్చేవి. సాయంత్రం బ్లెస్సీ అలసిపోయి వస్తూ వస్తూ స్టేషను రోడ్డులో సూపర్ మార్కెట్‌లోకి దూరి, కంటికి కనిపించిన ప్యాకెట్లన్నీ బుట్టలో వేసుకొచ్చేది. వాటిలో సగం అలమరలో మెత్తబడి పారేసినవే.

సాయంత్రం బ్లెస్సీ గుమ్మంలో అడుగు పెడుతూండగానే అంద్రెయ అన్నాడు. "ఆటో అమ్మొద్దు. కిస్తీ వంటింట్లోంచి తీస్తాను."

"వంటింట్లో ఏముందండీ తియ్యడానికి?"

అతను ఫోన్ చూపించాడు. బ్లెస్సీ బ్యాగు దించకుండానే చూసింది. వేలితో కిందికీ పైకీ జరిపి మళ్లీ చూసింది.

"ఇందులో సగంతో తింటే మిగతా సగం కిస్తీకి సరిపోద్ది," అన్నాడు.

"ఎవరు వండుతారు?"

"నేను ఖాళీగానే ఉన్నాగా."

బ్లెస్సీ నవ్వింది. ప్రమాదం జరిగాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూస్తే అంద్రెయకి ఉక్రోషమూ వచ్చింది, కాస్త ధైర్యమూ వచ్చింది.

ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. శనివారం శనివారం రెండు వేలు చేతికి తీసుకోవాలి. ఆ వారం తిండికి అదే. ఫోన్‌లో కట్టకూడదు. అయిపోతే మళ్లీ శనివారం దాకా ఇంట్లో ఉన్నదే వండుకోవాలి.

మొదటి రోజు అంద్రెయ పప్పు పెట్టాడు. స్టవ్ గట్టు ముందు ఎత్తు స్టూలు వేసుకుని, కట్టుకాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని, కందిపప్పూ చింతపండూ టమాటాలూ అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి మూత పెట్టాడు. ఎంతసేపు ఉడికించినా పప్పు పలుకు పలుకుగానే ఉంది. గ్యాస్ అయిపోతోందన్న బాధ ఒకటి. పక్కింటి శివపార్వతి గోడవతల బట్టలు ఆరేస్తూ కిటికీలోంచి చూసింది.

"పులుపు ముందే వేస్తే పప్పు ఉడకదు తమ్ముడూ. ముందు పప్పు మెత్తబడనియ్యి. రాత్రే నానేసుకుంటే గ్యాసూ కలిసొస్తది."

ఆ కిటికీని మర్నాడు మూసేద్దామనుకున్నాడు, మగాడు వంట చేస్తుంటే వీధంతా చూస్తోందని. కానీ మూసేస్తే అడగడానికి ఎవరూ ఉండరని తెరిచే ఉంచాడు.

నెమ్మదిగా దారికొచ్చాడు. ఎప్పుడూ ఎవరికో ఇచ్చేసే రేషన్ బియ్యం నానబోసి, మినప్పప్పు కలిపి దోసెల పిండి రుబ్బాడు. టిఫిన్ బండి ఖర్చు ఆ వారంతోనే ఆగిపోయింది. బీరకాయ కూర వండిన రోజు తొక్కలు పారెయ్యకుండా పచ్చడి చేశాడు. ఆటో స్టాండు స్నేహితుడు రమేష్ బాబు పొద్దెక్కాక మార్కెట్ వైపు బేరం తగిలినప్పుడు, అక్కడ అమ్మకాలు సద్దుమణిగి చేపలు చవకగా ఇచ్చే వేళ చూసి చిన్న చేపలు తెచ్చిపెట్టేవాడు. కొన్ని రోజులు కారం ఎక్కువయ్యేది, కొన్ని రోజులు ఉప్పు మరిచిపోయేవాడు. స్నేహ పెరుగు కలుపుకుని సర్దుకునేది. ఒకరోజు బ్లెస్సీ తీసుకెళ్లిన టిఫిన్ డబ్బా కడగడానికి తీస్తే అందులో మెతుకు లేదు. అంద్రెయ ఆ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి మరీ కడిగాడు.

రెండో వారం గడుస్తుండగా బాపట్ల నుంచి అత్తగారు సువార్తమ్మ దిగింది.

ఆమె బాపట్లలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేసి, ఈ ఏడాదే మానేసింది. భర్త పోయి చాలా కాలమైంది. వస్తూనే అల్లుడు స్టవ్ ముందు కూర్చుని ఉండటం చూసి, చేతిసంచి అక్కడే వదిలేసి గరిటె లాక్కుంది.

"లే బాబూ, లే. నేనుండగా నువ్వు వండటమేంటి?"

ఆ పూట ఆమె పెట్టిన గోంగూర పప్పు తిని స్నేహ మూడుసార్లు వడ్డించుకుంది. అంద్రెయకి కూడా ప్రాణం లేచొచ్చినట్టయింది. అయితే పప్పు గిన్నె ఖాళీ కాలేదు. ఇంకో పదిమంది తిన్నా మిగిలేటంత ఉంది. మర్నాడు సాంబారు కూడా అంతే. నూనె ప్యాకెట్టు కత్తిరించి బాణలిలోకి వంచితే సగం దాకా ఖాళీ అవ్వాల్సిందే. రెండొందల మంది పిల్లలకి వండిన చెయ్యి, నలుగురికి తగ్గడం దానికి చేతకాదు. మిగిలింది శివపార్వతికిచ్చారు, ఎదురింటికిచ్చారు. మంగళవారం మధ్యాహ్నానికి కందిపప్పు డబ్బా అడుగు కనిపించింది. శనివారం తీసిన రెండు వేల్లో వంద కూడా మిగల్లేదు.

అంద్రెయ సాయంత్రం దాకా ఆలోచించి చెప్పాడు. "అత్తయ్యా, ఈ వారం డబ్బులైపోయినయ్యి. శనివారం దాకా ఏం కొనలేను. కాస్త కొలత తగ్గించి వండండి. లేదంటే నేనే వండుకుంటాను."

చివరి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక తెలిసింది.

సువార్తమ్మ చేతిలో గరిటె గట్టు మీద పెట్టింది. "నా చేతి కూడు మీకు బరువైందన్నమాట," అంది. పొద్దున బ్లెస్సీతోపాటే రైలెక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బ్లెస్సీ వచ్చి కాళ్లు కడుక్కుని, మంచం అంచున కూర్చుంది. "మా అమ్మ తెనాలి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ బాపట్ల బండెక్కిస్తుంటే, పిల్ల జాగ్రత్త అంది. అంతే. మీరు చెప్పింది తప్పు కాదండీ. చెప్పిన తీరే బాగాలేదు."

"తెలుసు," అన్నాడు అంద్రెయ.

ఆ వారం మిగతా రోజులు చారూ, తోటకూరా, సువార్తమ్మ తెచ్చిన ఎండు రొయ్యలతో గడిచాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఒక రాత్రి అన్నం తింటూ స్నేహ అడిగింది.

"నాన్నా, అమ్మమ్మ ఒక్కతే ఉంటది కదా. అక్కడ కూడా అంతంత వండుకుంటదా?"

అంద్రెయ చేతిలో ముద్ద ఆగింది. ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

నెలాఖరుకి కిస్తీ కట్టారు. బ్లెస్సీ ఫోన్‌లో కట్టి, రసీదు మెసేజీ వచ్చాక అతనికి చూపించింది. "కర్రీ పాయింట్ ఆయన ఇవాళ దారిలో ఆపి అడిగాడు, మీరు ఊళ్లో లేరా అని," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆటో అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాతి నెల కిస్తీ కూడా వేళకే కట్టారు. ఆ మర్నాడు ఆసుపత్రిలో కట్టు తీశారు. కాలు సన్నగా, తనది కానట్టు ఉంది. రెండు వారాలు నడక అలవాటు చేసుకుని ఆ తర్వాత బండి తోలమన్నాడు డాక్టరు. అంద్రెయ ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టాడు. మర్నాడు పొద్దున దాన్ని స్టీలు డబ్బాలో సర్దుకుని, స్నేహని బడి నుంచి తీసుకొచ్చి చూసుకోమని శివపార్వతికి అప్పజెప్పి, చేతికర్రతో బ్లెస్సీ వెళ్లిన తర్వాతి బండెక్కాడు. తెనాలిలో మారి బాపట్లలో దిగాడు. బ్లెస్సీకి చెప్పలేదు. అత్తగారు తలుపు తియ్యకపోతే ఆ మాట భార్యకి చెప్పాల్సి వస్తుందని భయం.

సువార్తమ్మ తలుపు తీసింది. కాలి వైపు చూసి, "ఇంత దూరం ఎందుకొచ్చావు బాబూ," అని కుర్చీ వేసింది.

గది శుభ్రంగా ఉంది. స్టవ్ మరీ శుభ్రంగా ఉంది. గట్టు మీద హోటలు ఇడ్లీ పొట్లం ఒకటి, పక్కన బన్నుల ప్యాకెట్టు.

"మీరు వండుకోలేదా అత్తయ్యా?"

ఆమె పొట్లాన్ని పక్కకి జరిపింది. "ఒక్కదానికి ఏం వండుకోను? హాస్టలు మానేసిన కాడి నుంచి ఇంతే. గ్లాసుడు బియ్యం కడగబోతే చెయ్యాడదు. వండినా తినబుద్ధెయ్యదు. మీ ఇంటికొచ్చాక కదా కడుపునిండా తిన్నాను. అందుకే కొలత తెలియలేదేమో."

అంద్రెయ ఆ ఇడ్లీ పొట్లం వైపు చూశాడు. రెండు నెలలు తను తిండి ఖర్చు తగ్గించుకుంటూ వచ్చాడు. ఇక్కడ ఆమె తిండే తగ్గించుకుంటూ వచ్చింది.

"ఆ రోజు నేను అనకూడని మాట అన్నాను," అన్నాడు.

"అంటే అన్నావులే."

అతను లేచి డబ్బాలో బియ్యం వెతికి, ఇద్దరికి సరిపడా కొలిచి కడిగి స్టవ్ మీద పెట్టాడు. ఆమె వద్దనలేదు. గోడకి ఆనుకుని అతని చేతులే చూస్తూ కూర్చుంది. అన్నం వార్చి, పులుసు వేడి చేసి, రెండు కంచాలు పెట్టాడు. సువార్తమ్మ ఒక ముద్ద తిని ఆగింది.

"పులుపు ఎక్కువైంది," అంది. ఇంకో ముద్ద కలిపింది. "చేప ముక్క విరక్కుండా భలే ఉంచావు."

గిన్నెలో ఏమీ మిగల్లేదు. ఆమె ఖాళీ గిన్నెలోకి వంగి చూసి, "సరిగ్గా సరిపోయిందే," అంది ఆశ్చర్యంగా.

"మాతో వచ్చెయ్యండి అత్తయ్యా. రెండు వారాల్లో నేను బండెక్కుతాను. పొద్దున్నే పోతే మళ్లీ వంట ఆగిపోద్ది, మళ్లీ పొట్లాలే. కొలత నేను తీసిపెట్టి వెళ్తాను. చెయ్యి మీదే కావాలి. నా పప్పు స్నేహ మర్యాద కోసం తింటోంది."

"చిన్న గిన్నెల్లో నేర్చుకోవాలంటే నాకు టైం పడతది."

"నాకూ పట్టింది."

ఆమె లేచి చేతులు కడుక్కుంది. తర్వాత మంచం కింద నుంచి సంచి లాగి బట్టలు సర్దడం మొదలెట్టింది.

సాయంత్రం తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. బ్లెస్సీ రోజూ ఎక్కే పెట్టెలోనే ఎక్కింది. సీటు కోసం చూస్తూ లోపలికి వచ్చి ఆగిపోయింది. కిటికీ పక్కన తల్లి, ఎదురుగా చేతికర్ర పట్టుకుని మొగుడు. ఇద్దరూ కలిసి ఒక గోంగూర కట్ట ఆకులు దూసి సంచిలో వేస్తున్నారు. స్టేషను బయట కొన్నట్టున్నారు.

బ్లెస్సీ తల్లిని కొంచెం జరగమని సైగ చేసి పక్కన కూర్చుంది. తనూ ఒక గుప్పెడు కాడలు తీసుకుంది.

"రాత్రికి ఇది పప్పులో వేద్దామా, పచ్చడి నూరుదామా?" అంది సువార్తమ్మ.

"ఇంత కట్ట నలుగురికి ఎక్కువమ్మా," అంది బ్లెస్సీ.

"సగం ఇవాళ, సగం రేపు," అంది సువార్తమ్మ. అంద్రెయ తల దించుకుని ఆకులు దూస్తూ నవ్వుకున్నాడు. బండి వేమూరు వైపు కదిలింది.