మూడెకరాల పది గుంటలు

"నీ బిడ్డ లెక్కలల్ల వీకట."

బండికి స్టాండు కూడా వేయకముందే భర్త భూపాల్ నోట్లోంచి వచ్చిన మాట అది. వాకిట్లో నల్లా కాడ బోళ్లు తోముతున్న అహల్య చేతిలో గిన్నె అట్లనే ఆగింది. గ్రామపంచాయతీల డ్యాన్సుకు ఫస్టు ప్రైజు వచ్చిన నాడు సౌందర్య ఆయన బిడ్డ. ఫొటో తీసి అందరికీ పంపిండు. ఇయ్యాల నీ బిడ్డ అయింది.

"ఎవరన్నరు?" అని అడిగింది.

భూపాల్ ఫోన్ ముందర పెట్టిండు. బడి గ్రూపులో లెక్కల సార్ ప్రేమ్‌సింగ్ పెట్టిన మెసేజ్. ఏడో తరగతి పిల్లలకు పెట్టిన లెక్కల పరీక్ష కాగితాలు శనివారం చూపిస్తాం, తల్లిదండ్రులు రావాలి అని ఉంది. దాని కింద ఇంకో వాక్యం. సౌందర్య తల్లిదండ్రులు తప్పకుండా రావాలి.

తప్పకుండా అన్న మాట మీదనే అహల్య కండ్లు నిలిచిపోయినయి. పిల్ల పుట్టినప్పటి నుంచి ఆమెకు అంతే. బడి టైములో ఫోన్ మోగితే ఆటో బోల్తా పడ్డదనుకుంటుంది. పిల్ల ఒక పూట అన్నం తినకపోతే రక్తం తక్కువైందనుకుంటుంది. ఇప్పుడైతే ఆమె అనుకోవడానికి సాకు కూడా అక్కర లేదు, ఫోన్‌లనే రాసి పెట్టిన్రు.

"శనివారం నాకు తొర్రూరుల పనుంది. నువ్వు పో," అన్నడు భూపాల్. "పోయి ఏమంటరో విను. మాట్లాడకు. ఏడో తరగతి సగంల ఆగినదానివి, సార్ల తోటి నువ్వేం మాట్లాడుతవ్. ఇంట్ల ఉన్నన్ని రోజులు దానికి నీ లెక్కలే వస్తయి. హన్మకొండల హాస్టల్ సీటుకు జనగామల మా దోస్తుకు చెప్పిన. దసరా సెలవులు అయినంక ఏద్దం. ఆయన బిడ్డ గూడ ఆడనే చదువుతుంది."

అరుగు మీద కూర్చొని వత్తులు చేసుకుంటున్న అత్త సుశీల తల ఎత్తకుండనే అందుకుంది. "పొయ్యి మీద కూర మాడుకుంట చెప్పే లెక్కలు గట్లనే ఉంటయి మరి."

అహల్య గిన్నె కడిగి బోర్లించింది. కడిగిందే మళ్లీ తీసి ఇంకోసారి కడిగింది.

రోజంతటిలో ఆమెకు తనదనుకునే గంట ఒక్కటే ఉంది. పొద్దున అయిదు గంటలకు లేచి, బర్రె పాలు పిండి, వాకిలి ఊడ్చి, టిఫిన్ డబ్బాలు కట్టి, చేనుకు పోయి, కూలోళ్లకు నీళ్లు మోసి, వచ్చి, మళ్లీ వండి, అందరూ తిన్నంక గిన్నెల అడుగున ఉన్నది తిని, ఇన్నిట్ల సాయంత్రం కుక్కర్ పెట్టినంక ఒక గంట. సౌందర్య పుస్తకం తెచ్చుకొని వంటింటి గడప మీద కూర్చుంటుంది. భిన్నాలు వచ్చిన యేడు అహల్య జొన్నరొట్టెను నాలుగు ముక్కలు కోసి మూడు బిడ్డ ముందు పెట్టింది. మూడు బై నాలుగు. అందులోంచి ఒకటి తిను, ఇప్పుడెంత? నిష్పత్తులు వచ్చిన యేడు మందు పంపు చూపించింది. ఒక మూత మందుకు ఇన్ని నీళ్లు, రెండు పంపులకు ఎన్ని మూతలు? పిల్ల టక్కున చెప్పేది. ఆ గంటలో అహల్య కోడలు కాదు, భార్య కాదు. ఆమెకు ఏదో ఒకటి తెలుసు, తెలిసింది ఇంకొకరు అడుగుతున్నరు. హాస్టల్ అంటే పిల్ల పోవుడే కాదు, ఈ గంట కూడా పోవుడు.

శుక్రవారం సాయంత్రం వంకాయలు వేపుతుంటే సౌందర్య గడప మీద సగటు లెక్కలు చేస్తుంది. వారం రోజుల వాన బొమ్మ గీసింది, ఒకదాని పక్కన ఒకటి నిలువు గీతలు.

"సగటు అంటే ఏందే?" అహల్యకు ఆ పాఠం తెలువదు.

"అన్నీ కలిపి, ఎంతమంది ఉంటే అంతమందితోని భాగించాలమ్మా. ఇప్పుడు మనింట్ల పని ఉందనుకో. నువ్వు రోజుకు ఎన్ని గంటలు చేస్తవ్?"

"పన్నెండు అనుకో."

"మనం నలుగురం. పన్నెండు బై నాలుగు, మూడు. మనింట్ల మనిషికి సగటున మూడు గంటల పని."

అహల్య గరిటె ఆపి చూసింది. పని ఒక్కతిది, లెక్క రాస్తే నలుగురూ చేసినట్టే ఉంది. కాగితం మీద చూసినోళ్లు ఎంత ముచ్చటైన ఇల్లు అనుకుంటరు. నవ్వొచ్చింది. ఆ నవ్వు వెంటనే భయం కూడా వచ్చింది. ఇంత తెలివైన పిల్ల పరీక్షల ఎట్ల తప్పింది? కండ్లు కనిపిస్తలేవా? తలకాయ నొస్తుందా? నాకు చెప్తలేదా? ఆ రాత్రి ఆమె హాస్టల్ గదిని కూడా చూసేసింది, ఇనుప మంచం, జరం వచ్చి పడుకున్న బిడ్డ, నీళ్లిచ్చేవాళ్లు లేరు. చూడని గదికి కిటికీ కూడా తనే పెట్టుకుంది, ఆ కిటికీకి చువ్వలు లేవని మళ్లీ తనే భయపడ్డది.

శనివారం బడిలో ఏడో తరగతి గది నిండా తల్లులే. తండ్రులు ఇద్దరు ముగ్గురు గోడకు ఆనుకొని నిలబడ్డరు. పిల్లల బెంచీల మీద మోకాళ్లు పట్టక అందరూ పక్కకు తిరిగి కూర్చున్నరు. అహల్య వంతు వచ్చింది. ప్రేమ్‌సింగ్ సార్ ఆమె కంటె చిన్నోడు, పక్క తండా నుంచి వచ్చి చెప్తడు.

"భయపడకు అక్కా. ఈ పరీక్షకు మార్కులు లేవు, పాసు ఫెయిల్ లేదు. ఎవరికి ఎక్కడ ఆగిందో చూసుకునేటందుకే పెట్టినం."

కాగితం ముందు పెట్టిండు. పైన నాలుగు వరుసలు. నిష్పత్తులు, భిన్నాలు, దశాంశాలు, గణాంకాలు. మూడింటి పక్కన పచ్చ టిక్కు. దశాంశాల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్న. ఆ సున్న బొట్టు బిళ్లంతనే ఉంది గాని అహల్యకు గదంతా అదే కనిపించింది.

దశాంశాలు. ఈ మాట ఆమెకు తెలుసు. ఏడో తరగతిలో ఆమె చూసిన ఆఖరి పేజీ మీద ఉన్న మాట ఇదే. ఎర్ర పెన్నుతో కింద గీత కొట్టుకుంది కూడా. మరునాడు తండ్రి, "పత్తి పగిలింది, వారం రోజులు ఏరినంక బడికి పో," అన్నడు. వారం అన్నది నెల అయింది. నెల తర్వాత పోతే సార్ ఇంకో పాఠంలో ఉన్నడు. అడిగితే నవ్వుతరని అడగలేదు. ఆ తర్వాత కొన్ని దినాలకు బడే ఆగింది. ఆగినట్టు ఎవరూ చెప్పలేదు, రేపటి నుంచి పో అని మాత్రం ఎవరూ అనలేదు.

"భిన్నాలన్నీ రైటు రాసిన పిల్ల దశాంశాలల్ల ఒక్కటి గూడ రైటు రాయలే," అంటున్నడు సార్. "నాకు అదే సమజైతలేదు. ఎట్ల చేసినవ్ అని అడిగితే, మా అమ్మ గిట్లనే చేస్తది అంటది."

మా అమ్మ గిట్లనే చేస్తది.  పక్క బెంచీ తల్లి ఇటు చూసింది. అహల్య చదువులో ఎప్పుడో పడ్డ చిల్లు ఇన్నేండ్లకు బిడ్డ కాగితం మీద తేలింది. భూపాల్ అన్నదే నిజం. నీ లెక్కలే వస్తయి. విను, మాట్లాడకు. ఆమె తల వంచుకొని కాగితం చూసింది, వేరే ఎటూ చూడలేక.

0.40ని భిన్నంగా రాయండి. సౌందర్య రాసింది: 1.

అర అంటే దశాంశంలో ఎంత? 0.20.

ముప్పావు అంటే? 0.30.

3లోంచి 0.15 తీసేస్తే? 2.25.

1.25, 1.25 కలిపితే? 3.10.

అహల్య ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. మొదటి దాని మీద వేలు పెట్టింది. నోట్లోంచి మాట ఆమెను అడగకుండనే వచ్చింది.

"గిదెట్ల తప్పు సార్?"

"0.40 అంటే వందల నలభై అక్కా. అది ఒకటి ఎట్లయితది?"

"నలభై గుంటలు అయితే ఎకరమే గద."

సార్ కాగితం తనవైపు తిప్పుకున్నడు. ఆయన వేలు ఒక్కో లెక్క మీద ఆగుకుంట కిందికి జారింది. అర, ఇరవై గుంటలు. ముప్పావు, ముప్పై గుంటలు. మూడెకరాల్లోంచి పదిహేను గుంటలు పోతే రెండెకరాల ఇరవై అయిదు.

"మా ఇంట్ల క్యాలెండర్ ఎనక నేనే రాస్తా సార్," అంది అహల్య.  "వాగు కాడి చెలక భూమి ఒకటి చుక్క ఇరవై అయిదు. నల్లరేగడి ఒకటి చుక్క ఇరవై అయిదు. ట్రాక్టరోడు దున్నేటప్పుడు, విత్తనాలు తెచ్చేటప్పుడు మా ఆయన నన్నే అడుగుతడు కలిపి ఎంతాయె అని. మూడు పది అని చెప్తా. పిల్ల చిన్నప్పటి సంది అదే చూస్తది. ఈ చుక్క ఏందమ్మా అని అడిగితే, చుక్కకు ఇటు ఎకరాలు, అటు గుంటలు అని నేనే చెప్పిన. చుక్కకు వేరే లెక్క ఉంటదని నాకు తెలువదు సార్. ఆ పాఠం అప్పుడు నేను పత్తి చేన్ల ఉన్న."

ప్రేమ్‌సింగ్ సార్ కుర్చీలోంచి లేచి మిగతా కాగితాల కట్ట విప్పిండు. ఒక్కొక్కటి తిరగేసిండు. "పూజ, మూడు పది. తిరుపతి, మూడు పది. గీడ గూడ." తొమ్మిది కాగితాలు పక్కకు తీసి కట్ట మీద చెయ్యి పెట్టి నిలబడ్డడు. "మా నాయిన మంగీలాల్ భూమి పాసుబుక్కు నేనే చదివి చెప్తుంటి అక్కా. అందులో గిట్లనే ఉంటది. నాకు తట్టలే. పిల్లలకు రాదని ఎర్ర సున్నాలు పెట్టుకుంట పోయిన."

వచ్చి బెంచీ మీద ఆమె పక్కనే కూర్చున్నడు. గళ్ల కాగితం తీసి పది వరుసలు, వరుసకు పది గళ్లు గీసిండు. పక్కన నలభై గళ్లు. "నువ్వు ఎకరాన్ని నలభై వాటాలు ఏస్తున్నవ్. గీడ వంద వాటాలు. వందల సగం యాభై. అంతే తేడా."

అహల్య గళ్లు లెక్క పెట్టలేదు, చూసింది అంతే. ఇటు సగం ఇరవై. అటు సగం యాభై. ఎవరో తలుపు గడియ తీసినట్టు అయింది. ఇంతేనా? ఇంత దానికా నెల రోజులు, ఇన్నేండ్లు, ఏడో తరగతి సగంల ఆగినదానివి అన్న ఇన్ని మాటలు? ఒక్క పూట కూడా పట్టని దానికి. ఆ పూట ఎవరూ ఇయ్యలేదు, అంతే.

"సార్, ఒక మాట. పిల్లను హాస్టల్ల ఏస్తేనే బాగుపడుతదా?"

"ఎందుకక్కా? ఈ భిన్నాలు, నిష్పత్తులు ఎవరు చెప్పిన్రు దానికి?"

"నేనే. రొట్టె కోసి."

"మరి ఆ రొట్టె హాస్టల్ల ఎవరు కోస్తరు?" నవ్విండు సార్. "వారం రోజుల్ల సమజైతది పిల్లకు. ఆ క్యాలెండర్ సోమవారం పంపు. క్లాసుల అందరికి చూపించాలె."

మధ్యాహ్నం భూపాల్ తొర్రూరు నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని తినడానికి కూర్చున్నడు. అహల్య అన్నం పెట్టింది, పప్పు పోసింది. ఎప్పటి తీరుగ నిలబడలేదు, ఎదురుగ కూర్చుంది.

"ఏమన్నరు మరి?"

"చెప్తా గని, ముందుగాల నాకొకటి చెప్పు. ఒకటి చుక్క ఇరవై అయిదు, ఒకటి చుక్క ఇరవై అయిదు. కలిపితే ఎంత?"

"మూడు పది," అన్నడు భూపాల్, ముద్ద నోట్లో పెట్టుకుంట. "ఇప్పుడు గా లెక్క ఎందుకు? పత్తి ఏసుడు అయిపోలే?"

"మూడెకరాల పది గుంటలు," అని అరుగు మీది నుంచి అత్త కూడా ఒప్పింది. "నేను ఈ ఇంటికి వచ్చిన కాడికెల్లి అంతే."

అహల్య కాగితం మడత విప్పి కంచం పక్కన పెట్టింది. మూడు పది మీద ఎర్ర గీత. భూపాల్ దాన్ని చూసిండు, కింది లెక్కలు చూసిండు, మళ్లీ పైకి పోయిండు. గడప కాడ నిలబడ్డ సౌందర్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయితే మనింట్ల అందరం వీకే," అంది అహల్య. "హాస్టల్ల నాలుగు సీట్లు చెప్పాలె."

"నువ్వు నేర్పబట్టే గద గిట్లయింది," అన్నడు భూపాల్, ముద్ద కలుపుకుంట. కాని మాటలో ముందటి బరువు లేదు.

"అవు. నేను నేర్పిందే. నువ్వు ట్రాక్టరోనికి 'నేనే లెక్కగట్టిన' అని చెప్పేది గూడ అదే." ఆమె గొంతు పెంచలేదు. "పిల్ల ఏడికి పోదు. మీ దోస్తుకు ఫోన్ చేసి చెప్పు."

భూపాల్ కాగితం కేసి చూసుకుంటనే చెయ్యి కడుక్కున్నడు. ఫోన్ చేస్తా అనలేదు, చెయ్య అని కూడా అనలేదు. అహల్య కంచం తీసుకుంట అనుకుంటనే ఉంది. రేపు ఏమంటడో, అత్త ఏం ఎక్కిస్తదో, పిల్లకు వారంల నిజంగనే వస్తదో రాదో. భయం ఎటూ పోలేదు. భయపడుకుంటనే ఆ మాట అన్నది, అంతే.

సాయంత్రం కుక్కర్ పెట్టింది. సౌందర్య పుస్తకం తెచ్చుకొని గడప మీద కూర్చుంది. రోజూ అయితే అహల్య పొయ్యి కాడ నిలబడి అక్కడి నుంచే చెప్తది. ఇయ్యాల చెంగుతో చెయ్యి తుడుచుకొని వచ్చి బిడ్డ పక్కన కూలబడ్డది. పుస్తకం తనే తీసుకొని పేజీలు తిప్పింది. పైన పెద్ద అక్షరాలతో దశాంశాలు అని ఉన్న కాడ ఆగింది.

"ఈడికెల్లి నాకు గూడ చెప్పు బిడ్డా. నేను ఈడనే ఆగిన."

సౌందర్య తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత నోట్‌బుక్కులో గళ్లు గీయడం మొదలు పెట్టింది, పది వరుసలు, వరుసకు పది.

కుక్కర్ ఒక కూత వేసింది. రెండోది వేసింది. "అహల్యా, కుక్కర్," అని ముందరి గదిలోంచి భూపాల్ గొంతు వచ్చింది.

"మూడో కూతకు నువ్వు బంద్ చెయ్యి," అంది అహల్య, గళ్ల మీది నుంచి కండ్లు తీయకుండ.

మూడో కూత వచ్చింది. అహల్య లేవలేదు.