కుంకుడు వాసన

పాత సామాను పిచ్చి ఉన్నవాళ్ళు వికారాబాద్‌లో ఇంకా ఉన్నారేమో గాని, అరుణాదేవి పిచ్చి వేరు. ఆమెకు ఇత్తడి బిందెలు అక్కర్లేదు, రాగి గంగాళాలు అక్కర్లేదు. పోయినవాళ్ళ గుర్తుగా ఉన్నవాళ్ళు దాచుకున్నవి కావాలి. నిజాం కాలం నాటి వెండి భరిణెలో ఎవరో పసిబిడ్డ పుట్టువెంట్రుకలు. పూడూరులో ఒక ముసలమ్మ తన తల్లి గుర్తుగా యాభై ఏళ్ళు దాచుకున్న సవరం. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన గడియారపు గొలుసు, ఏ తెల్లదొరసానో చనిపోయిన భర్త జుట్టుతో అల్లించుకున్నది. అద్దాల బీరువాలో ఇవన్నీ చీటీలతో సహా వరుసగా ఉంటాయి. చుట్టాలు ఆ గదిలోకి తొంగి చూసి, "చచ్చినోళ్ళ వెంట్రుకలు ఇంట్ల పెట్టుకుంటదా ఎవలన్న?" అని వంటింట్లో గుసగుసలాడతారు. ఆడనీ. ఆ మాట అన్నాక కూడా రెండోసారి పప్పు వడ్డించుకునేవాళ్ళే వాళ్ళంతా.

అంత పెద్ద బీరువాలో ఆమె సొంత బిడ్డది మాత్రం ఒక్క వస్తువు లేదు.

శ్రేయ ఇరవై ఏళ్ళకే డెంగీతో పోయింది. పన్నెండేళ్ళయింది. పిల్ల పోయిన మూడో రోజున అరుణాదేవి సూదిమందు మత్తులో పడి ఉండగా, ఆడపడుచు నిరోషా పిల్ల గదంతా సర్దేసింది. బట్టలు ఆనవాయితీ ప్రకారం చాకలికి ఇచ్చింది, దిండు గలీబులు ఉతికింది, అద్దం దగ్గరి దువ్వెనను సబ్బుతో తోమి పెట్టింది. మత్తు దిగాక అరుణాదేవి తూలుకుంటూ పోయి ఆ దువ్వెన ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన వచ్చింది. ఒక్క వెంట్రుక లేదు. ఆనాటి నుంచి నిరోషాతో మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మొహం తిప్పేసుకుంటుంది. చెల్లెలికీ పెళ్ళానికీ మధ్య నలిగి నలిగి రాజేందర్ కూడా చివరికి ఊరుకున్నాడు.

ఈ ఎండాకాలం మొదట్లో భీమప్ప వచ్చాడు. యాలాల్ దగ్గర రాజేందర్ వాళ్ళ చేన్లలో ఏటా గొర్రెల మంద ఆపేది అతనే. అరుగు మీద కూర్చుని, భుజం మీది గొంగడి మడతలోంచి గుడ్డ మూట తీశాడు. అందులో మూరన్నర పొడుగు నల్లటి తాడు.

"గిది మా నాగరాణి జుట్టమ్మా," అన్నాడు.

నాగరాణి అతని ఒక్కగానొక్క బిడ్డ. పోయిన కార్తీకంలో కామెర్లతో పోయింది. పదిహేడేళ్ళు. యాలాల్ వైపు ఆడవాళ్ళు దువ్వుకోగా రాలిన జుట్టును ఉండ చుట్టి గోడ సందులో దోపుతారు, వెంట్రుకలు కొనేవాడు వస్తే ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుంటారు. తల్లి బీరమ్మ మాత్రం బిడ్డ జుట్టు ఒక్క ఉండ కూడా అమ్మలేదు. పెళ్ళికి సవరం చేయిద్దామని అయిదేళ్ళు దాచింది. పిల్ల పోయాక ఆ జుట్టును నల్లగొర్రె ఉన్నితో కలిపి పేని ఈ తాడు చేసింది.

"పొద్దుమాపు గిదే ముంగటేసుకుని కూసుంటున్నదమ్మా. జుట్టు ఇంట్ల ఉంటే పిల్ల జీవి ఇల్లిడిశి పోదు, కాల్చెయ్యిమని మా పెద్దమనుషులు అంటున్నరు. సరేనని తీస్కపోయిన. అగ్గి పెట్టనీకె చేతులు రాలె. కాల్చిన్నని దానికి అబద్ధం చెప్పిన. నీ తాన పైలంగ ఉంటదని తెచ్చిన."

పైలంగా, చెడిపోకుండా ఉంచడం అరుణాదేవికి తెలిసినంతగా జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. తాడు జిడ్డుగా ఉంది, పొయ్యి పొగ పట్టి ఉంది. జిడ్డుంటే పురుగు పడుతుంది, ఉన్నికైతే మరీ తొందరగా. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది. ఆ రసంలో ఒక పూటంతా ఉంచి, మూడు నీళ్ళు మార్చి, పసిపిల్లకు తలంటినట్టు మెల్లగా పిసికింది. నీడన ఆరబెట్టి, పలచటి బట్టలో చుట్టి, పక్కన కలరా ఉండలు పెట్టింది. మూట గుడ్డ మురికిదని పారేసింది. పని ముగిసేసరికి తాడు నిగనిగలాడింది. ఎంత బాగా చేశానో అని ఆమె తనలో తాను మురిసిపోయింది కూడా.

నెలన్నర తర్వాత ఒక పొద్దున బీరమ్మ వచ్చింది. తాండూరు దాకా ఆటోలో, అక్కడ్నుంచి ప్యాసింజర్ బండిలో, ఒక్కతే. గడప అవతలే నిలబడింది.

"కాల్చిన అన్నడమ్మా మా ఆయన. నమ్మిన. నాలుగొద్దుల సంది నేను బువ్వ ముడ్తలేనని నిన్న నిజం చెప్పిండు. నాకు వాపస్ ఒద్దు. పెద్దోళ్ళ మాట కాదన. జర ఒక్కపారి వాసన చూసి పోత."

"వాసననా?" అంది అరుణాదేవి.

"మెంతులేసి కొబ్బరినూనె కాస్తుంటి దానికి. మొకం జల్ది యాదికొస్తలేదమ్మా ఇప్పుడు. గా వాసన చూస్తె సాలు, కండ్ల ముంగట నిలవడ్తది."

అరుణాదేవి బీరువా తలుపు తీసింది. బీరమ్మకు వీపు పెట్టి, తాడు ముందు తానే వాసన చూసింది. కలరా ఉండలు, వాటి కింద కుంకుడు. ఇంకేమీ లేదు. తాడు కనపడటం లేదని చెప్పేద్దామా అనిపించింది ఒక్క క్షణం. తీసుకొచ్చి చేతిలో పెట్టింది.

బీరమ్మ కళ్ళు మూసుకుని తాడును మొహానికి ఒత్తుకుంది. మళ్ళీ తీసి, ఇంకోచోట ఒత్తుకుంది. కళ్ళు తెరిచింది.

"కడిగినవా అమ్మా?"

"కడిగిన. పురుగు పడ్తదని…"

బీరమ్మ నేల మీద చతికిలబడి తాడు కొస విప్పడం మొదలుపెట్టింది. "లోపట ఉంటది. గట్టిగ పేనిన నేను. లోపటిదాంక నీళ్ళు పోవు. గీ కొస జర పట్టుకో," అంది.

అరుణాదేవి ఎదురుగా కూర్చుని కొస పట్టుకుంది. బీరమ్మ వేళ్ళు పురిని వెనక్కి తిప్పుతున్నాయి. జానెడు విప్పడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, మళ్ళీ విప్పడం. ఉన్ని ఒక పక్క, జుట్టు ఒక పక్క కుప్పగా పడుతోంది. దేవుడా, నడిమధ్యన ఎక్కడో ఒక్క పోగులోనైనా మిగిల్చు అని అరుణాదేవి మొక్కుకుంది. శ్రేయ పోయిన రోజు తర్వాత ఆమె దేవుణ్ణి ఏదన్నా అడగడం అదే మొదలు.

చివరి పోగు కూడా విడిపోయింది.

"లేదమ్మా," అంది బీరమ్మ.

"నన్ను తిట్టు బీరమ్మా. నోటికొచ్చినట్టు తిట్టు."

"నిన్నెందుకు తిడ్త? ఖరాబ్ కావొద్దనే కడిగినవ్ గద." కొంగుతో కళ్ళు తుడుచుకుని, తొడ మీద వేసి తాడును మళ్ళీ పేనింది. అలవాటైన చేతులు, చకచకా అయిపోయింది. "ఇంద, బీరువల పెట్టు. నాకిప్పుడు దీంతోని పని లేదు."

అన్నం తినమంటే వద్దంది. చెంబెడు నీళ్ళు తాగి, మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయింది.

అరుణాదేవి తాడు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత లేచి, భర్త ఫోన్ తీసుకుని తాండూరులో ఉన్న నిరోషాకు చేసింది.

"చెప్పన్నా," అంది అవతల నిరోషా.

"నేను, అరుణను."

"వదినా?" అంది నిరోషా, నమ్మలేనట్టు.

"ఆ దువ్వెనకు వెంట్రుకలుండెనా నిరోషా?"

ఏ దువ్వెన అని నిరోషా అడగలేదు. "ఉండె వదినా. నాలుగైదు ఉండె. నువ్వు లేశి గవి చూస్తే పానం ఇడుస్తవని భయమైంది. ఏడ్చుకుంటనే కడిగిన."

తిట్టడానికి కాదు తను ఫోన్ చేసింది.

"నేను గూడ కడిగిన నిరోషా," అంది. "ఒక తల్లి బిడ్డ వాసన మొత్తం కడిగేసిన." అని, పన్నెండేళ్ళుగా మాట్లాడని మనిషి వింటుండగా భోరున ఏడ్చింది.