అడ్డంగా ఊపితే అవును

పొద్దున ఏడుంపావుకి ఇంటి దగ్గరి టోవా పాయో స్టేషన్లో రైలెక్కితే ఎనిమిదింటికల్లా వరుణ్ అల్బేనియాలో ఉండేవాడు. అంటే, ఆఫీసులో తన కుర్చీలోనే. టిఫిన్ బాక్సు డ్రాయరులో పెట్టి, కంప్యూటర్ ఆన్ చేసి, ఆ దేశం గురించి రాస్తూ కూర్చునేవాడు. పేరు చివర డాట్‌కామ్ తగిలించుకున్న ప్రతివాడూ ఓ ఆఫీసు తెరిచేస్తున్న రోజులవి. వీళ్ళది ప్రయాణాల వెబ్‌సైటు. మనిషికో దేశం పంచి, దేశానికో పేజీ రాయమన్నారు. ప్రోగ్రాములు రాసుకుందామని అనకాపల్లి నుంచి సముద్రం దాటి పరదేశం వచ్చినవాడికి, పోనీ దేశం కూడా నువ్వే రాసెయ్ అన్నారు.

పేజీ శ్రద్ధగా రాస్తే కంప్యూటర్ తెరలో ఆ దేశం నిజంగానే తెరుచుకునేది. ఐస్‌లాండ్ రాసే కీర్తిక స్వెట్టరేసుకుని వచ్చేది. ఫిజీ రాసే జయరాం టేబుల్ కింద ఎప్పుడూ ఇసకే. కార్పెట్ తడిసిపోతోందన్నదొక్కటే టీమ్ లీడర్ మధుసూదనరావు బాధ. గాలీ వానా తెర దాటి వచ్చేవి గానీ మాట దాటేది కాదు. అవతలివాళ్ళు సైగ చేసి పిలిస్తే, సరేనన్న మనిషి మాత్రం దాటొచ్చు. అలా ఎవరూ వెళ్ళలేదు. డెడ్‌లైన్లు పెట్టుకుని ఎక్కడికి వెళ్తారు?

ఐరోపాకి ఆగ్నేయ మూల, గ్రీసుకి పైన ఉంది వరుణ్ దేశం. ముప్పై లక్షల జనం. మన విశాఖపట్నం జిల్లా జనమే అంతకంటే ఎక్కువ. కొండలు, ఆలివ్ తోటలు, ఎక్కడపడితే అక్కడ పుట్టగొడుగుల్లా కాంక్రీటు బంకర్లు. ఎవరో దండెత్తి వస్తారని వెనకటి ప్రభుత్వం కట్టించింది. ఎవరూ రాలేదు సరికదా, ఉన్నవాళ్ళే పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటి ఇటలీ పోయారు. ఇచ్చిన మాటని అక్కడ బెసా అంటారు. ఒకసారి ఇచ్చాక ప్రాణం మీదికొచ్చినా తప్పరు. ఇవన్నీ రాసి, వరుణ్ ఇంకో వాక్యం కూడా చేర్చాడు: ‘ఇక్కడివారు అవుననడానికి తల అడ్డంగా, కాదనడానికి నిలువుగా ఊపుతారు.’

“ఈ తలూపుడు గోలేంటయ్యా?” అన్నాడు మధుసూదనరావు. “చదివినోడు టైపింగ్ మిస్టేక్ అనుకుంటాడు. తీసేసి ఎగుమతులు పెట్టు.”

“నిజమే సార్.”

“నిజమైతే మాత్రం? పేజీలో చోటుండొద్దూ?”

తీసేశాడు. ఊరుకోలేక ఆ సాయంత్రం భోజనాల దగ్గర భార్య ఆమనికి చెప్పాడు. వాళ్ళు అద్దెకుండే గది నాగరత్నం ఆంటీ ఫ్లాటులో ఉంది. తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం ఆవిడది. తెలుగులో అరవం, మలయ్ కలిపి వాడేస్తుంది.

ఆమని గిన్నె ఎత్తి, “పెరుగు వెయ్యనా?” అంది. వరుణ్ తల అడ్డంగా ఊపాడు. ఆమె గిన్నె దించేసింది.

“అదేంటే! అల్బేనియాలో అవునన్నాను కదా!”

“పెరుగు మానేసేవా వరుణూ?” అంది ఆంటీ. “మకాన్ అయినట్టేనా అలాగైతే, భోజనం?”

ముగ్గురూ నవ్వుకున్నారు. పెరుగు వద్దనడం ఆ మనిషి జన్మలో లేదు. జ్వరమొచ్చినా పెరుగన్నమే తినేవాడు.

రెండువేల ఒకటి వచ్చేసరికి ఆఫీసులో కుర్చీలు ఖాళీ అవసాగాయి. వరుణ్ పేజీలోనూ అదే కథ. కొండ మీద ఊరు, ఓ కాఫీ దుకాణం, దాని ముందు నాలుగు కుర్చీలు. మొదట్లో నలుగురు ముసలాళ్ళు డామినోలు ఆడుకునేవాళ్ళు. ముగ్గురు ఒక్కొక్కరే కనబడకుండా పోయారు. మిగిలిన ఒక్కాయన రెండు వైపులా తనే ఆడుకుంటూ, వణికే చేతుల్తో కాఫీ ఒలకబోసుకునేవాడు.

ఓ మధ్యాహ్నం ఆయన తలెత్తి వరుణ్‌ని చూశాడు. పక్క కుర్చీ తట్టి, వేలితో రమ్మన్నాడు. వస్తావా, నాతో ఉండిపోతావా అని. వరుణ్‌కి జాలేసింది. ఇల్లుంది, ఆమని ఉంది, ఎలా వస్తాను తాతా అనుకుంటూ తల అడ్డంగా ఊపాడు. ఆ వాక్యం రాసింది తనే. కానీ మెడ అనకాపల్లిది, దానికేం తెలుసు.

ముసలాయన దాన్ని బెసా అనుకున్నాడు, మొహం వెలిగిపోయింది. కీర్తిక ఇటు తిరిగేసరికి వరుణ్ కుర్చీ ఖాళీగా ఉంది. తెరలో ముసలాయన అతన్ని కావలించుకుని ఏడుస్తున్నాడు.

“వద్దనే అన్నాడు ఆమనీ, నేను చూశాను,” అని ఫోనులో చెప్పింది కీర్తిక. సెలవు చీటీ ఇవ్వకుండా వెళ్ళాడని ఆఫీసు వాళ్ళు ఇంటికి ఉత్తరం పంపారు. బయటివాళ్ళకి లోపలికి పాస్ లేదన్నారు. పదిహేడు రోజులు ఆమని రోజూ లిఫ్ట్ దగ్గర నిలబడి వెనక్కి వెళ్ళిపోయింది.

పద్దెనిమిదో రోజు శుక్రవారం. మధుసూదనరావే ఫోన్ చేశాడు. “ఐదింటికి సర్వర్లు ఆపేస్తున్నారమ్మా. పేజీ పోతే దారి పోతుంది. ఈవేళే రమ్మనాలి.”

ఆమని వరుణ్ చొక్కా ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళింది. నాలుగూ నలభైకి తెర ముందు కూర్చుంది. వరుణ్ తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని, ముసలాయన నోటికి కాఫీ కప్పు అందిస్తున్నాడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. కళ్ళు నిండిపోయాయి. ఆమని రెండు చేతులూ చాచి పిలిచింది, ఇంటికొచ్చేస్తావా అని.

వరుణ్ తల నిలువుగా ఊపాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

“హమ్మయ్య!” అన్నాడు మధుసూదనరావు. కీర్తిక చప్పట్లు కొట్టింది. ఆమని చొక్కా మడత విప్పి పట్టుకుంది. చలిగాలి వచ్చింది, కట్టెల పొగ వాసన వచ్చింది. వరుణ్ మాత్రం రాలేదు. గడియారంలో నాలుగూ యాభై రెండు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, పేజీలోంచి తీసేసిన ఆ వాక్యం: కాదనడానికి నిలువుగా.

ఎడమ అరచేతిని కంచంలా పట్టింది. కుడిచేత్తో గిన్నె వంచినట్టు చేసింది. పెరుగు వెయ్యనా?

ఎందుకడుగుతోందో వరుణ్‌కి తెలిసింది. వెనక నుంచి ముసలాయన అతని మోచెయ్యి పట్టుకున్నాడు, తను పడిపోకుండా ఆసరాకి. వరుణ్ ఆమెనే చూస్తూ, మెల్లగా, తల అడ్డంగా ఊపాడు.

ఐదయింది. “సారీ అమ్మా,” అని మధుసూదనరావు అంటుండగానే తెర నల్లబడింది. టేబుల్ మీద కాసింత మంచు మిగిలితే, ఊడ్చే ఆవిడ వచ్చి గుడ్డతో తుడిచేసింది.

టోవా పాయోలో నాగరత్నం ఆంటీ గుమ్మంలోనే కాచుకుని ఉంది. “ఏటన్నాడే పిల్లా? వస్తానన్నాడా?”

ఆమని చేతిలోని చొక్కా మళ్ళీ మడతపెట్టింది. తల నిలువుగా ఊపింది.

“అప్పాడా!” అని ఆంటీ గబగబా లోపలికెళ్ళి ముగ్గురికి బియ్యం కడిగింది.