దాహమేస్తే దగ్గే కుండలు

తెల్లారి లేవగానే ఆదిలక్ష్మమ్మ ముందు చేసే పని వసారా వైపు చెవి పెట్టడం. కుమ్మరి ఎల్లప్ప చేసిన కుండలో నీళ్ళు అడుగంటితే అది దగ్గుతుంది. ఖళ్ళున కాదు, పెద్దవాళ్ళు మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకున్నట్టు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి కుండా అంతే. "వస్తాండా తల్లీ" అంటూ ఆడవాళ్ళు బిందె పట్టుకుని లేస్తారు. దగ్గే కుండకు నీళ్ళు పోయకుండా ఎవరూ గడప దాటరు. పెళ్ళివారైనా సరే, ముహూర్తం ఆగాల్సిందే.

ఎనభై మూడులో వానలు ముఖం చాటేశాయి. వాళ్ళ బావిలో రోజుకు ఇరవై బిందెలకు మించి ఊరడం లేదు. మోటారు వేస్తే నాలుగు నిమిషాలకే గాలి పీలుస్తుంది. వచ్చిన ఆ కాసిని నీళ్ళు మడికి చేరకముందే కాలవ తాగేస్తుంది. నగరిలో మరమగ్గాల దగ్గరున్న మరిది మునస్వామి రమ్మని జాబు రాశాడు.

"ఇంటికి తాళమేసి పోదాం. ఈ బావి ఇంక మనల్ని సాకదు," అన్నాడు ఆమె భర్త దొరస్వామి.

ఆదిలక్ష్మమ్మకు ఏడుపొచ్చింది. పదహారేళ్ళుగా ఆ మడిలో రాయీ రప్పా ఏరింది ఆమె. "ఈ ఒక్క పంటకు నా మాట ఇను," అని గడువడిగి, నేరుగా ఎల్లప్ప ఇంటికి పోయింది.

"అన్నా, రెండు వందల కుండలు కావాల. మట్టిలో ఊక కలిపి, అరకొరగా కాల్చి ఇయ్యి."

ఎల్లప్పకు రోషం పొడుచుకొచ్చింది. "కారే కుండలు సేసినానని పేరొస్తే మా తాత పైనుంచి దిగొచ్చి సెవి మెలేస్తాడు పాపా!"

"కారేది కాదన్నా, సెమర్చేది. మెడ దాకా పాతి, సుట్టూ నాలుగు టమాటా మొక్కలు పెడతా. వేళ్ళకు ఎంత కావాల్నో అంతే తాగుతాయి. నువ్వు తాగే నీళ్ళ కుండ కింద ఇసకలో కొత్తిమీర ఎట్లా లేసిందో సూడు!"

ఎల్లప్ప వంగి చూశాడు. తన ఇంట్లోనే ఉన్న సంగతి తనకు తట్టనందుకు తల గోక్కుని, మూడు విడతలుగా ఆవంలో కుండలు కాల్చి ఇచ్చాడు.

కుండలు పాతి, నారు నాటి, మూతులకు బండపెచ్చులు కప్పింది. ఏ కుండ దగ్గితే దానికే నీళ్ళు. ఊరంతా నవ్వింది. "కాలవ పారితే సేద్యం. సెంబుతో పోసేది తులసమ్మకు," అన్నాడు దొరస్వామి.

"నవ్విన నాపచేనే పండుతాది, సూస్తా ఉండు."

నెల దాటింది. మొక్కలు పచ్చగానే ఉన్నాయి గానీ పూత తప్ప మరేమీ లేదు. "పూతతో కడుపు నిండదు," అని దొరస్వామి సోమవారం ప్రయాణం ఖాయం చేశాడు. ఆ సోమవారం పొద్దున ఆమె కుండల వైపు పోలేదు. మనసొప్పలేదు.

అతను ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. బస్సుకు దారి మడి గట్టు మీదుగానే. గట్టెక్కారో లేదో, ఒక కుండ దగ్గింది. దొరస్వామి ఆగిపోయాడు. గడపైతేనేమి, గట్టయితేనేమి? పెట్టె దించి, బిందెతో నీళ్ళు తెచ్చి పోశాడు. మళ్ళీ పెట్టె ఎత్తబోతే ఇంకొకటి. అది నిండగానే ఆ మూల మరొకటి. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది.

నలభయ్యో కుండ దగ్గర అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆకుల కింద గోలీకాయలంత పిందెలు, గుత్తులు గుత్తులుగా.

"ఏమే, ఎన్ని బిందెలైనాయి?"

"పదిహేడు."

"బావిలో ఇంకా నీళ్ళుండాయి గదే!" అన్నాడు. ఆమె పెట్టె తీసుకుని ఇంటి దారి పట్టింది.

నెల తిరిగేసరికి అదే బస్సు మీదికి టమాటా గంపలు ఎక్కాయి. "నగరికి ఎంతమందప్పా?" అడిగాడు కండక్టరు.

"మేం రాంలేప్పా. టమాటాలు పోతాయి." దొరస్వామి రొమ్ము విరుచుకున్నాడు. "మా ఆదిలక్ష్మి సెంబుతో పండించింది!"

ఆదిలక్ష్మమ్మ తల వంచుకోలేదు. ఊరంతా చూస్తుండగా నిటారుగా నిలబడింది. అంతలో మడిలో ఎక్కడో దగ్గు వినిపించింది. ఆమె కదిలేలోగా, చేతిలో గంప కండక్టరుకు అందించి, "వస్తాండా తల్లీ!" అంటూ దొరస్వామి పరిగెత్తాడు.