ముందు గదిలో కూర్చునే ఆవిడ

పని నుంచి ఇంటికి రాగానే ఆమె మొదట చేసేది చేతులు కడుక్కోవడం. వెనక వైపు పంపు దగ్గర, మోచేతుల దాకా, సబ్బు పెట్టి రెండుసార్లు. అలా కడుక్కుంటే గానీ వంటింట్లోకి రాకూడదని, ఆమె ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే అత్తగారు చెప్పారు. గట్టిగా చెప్పలేదు. కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, "ఎవరెవరి ఒళ్ళు పట్టి వచ్చిన చేతులో" అన్నారు, అంతే. ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. ఎందుకు రాలేదా అని ఆమె ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది. కోపం రావలసిన చోట సిగ్గు వచ్చింది. ఏదో దొంగిలించి దొరికిపోయిన మనిషిలా చేతులు వెనక్కి పెట్టుకుని పంపు దగ్గరికి నడిచింది. నాలుగేళ్ళుగా అలా నడుస్తూనే ఉంది.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణం పైన, రెండో అంతస్తులోని నొప్పుల క్లినిక్‌లో. ముందు గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే అమ్మాయి. లోపలి గదిలో ఎత్తైన మంచం, నిలువుటద్దం. నొప్పులతో వచ్చినవాళ్ళని ముందు అద్దానికి ఎదురుగా నిలబెట్టి ఏ భుజం జారింది, నడుం ఎటు ఒరిగింది, బరువంతా ఏ కాలి మీద మోపుతున్నారు అని చూస్తుంది. తర్వాత మంచం మీద పడుకోబెట్టి చేతులతో సరిచేస్తుంది. నూనె వాడదు. నూనె రాస్తే చెయ్యి జారిపోతుంది, ఈ పనిలో చెయ్యి జారకూడదు. చర్మం కింద, కండల్ని చుట్టుకుని, బత్తాయి తొన మీది పొర లాంటిది ఒకటి ఒళ్ళంతా పరుచుకుని ఉంటుంది. అది ఒకచోట బిగుసుకుంటే నొప్పి ఇంకెక్కడో తేలుతుంది. చొక్కా అంచు ఒక మూల పట్టి లాగితే భుజం దగ్గర ముడత పడదూ, అలా. ఆ బిగిసిన చోటు వెతికి పట్టుకుని, బొటనవేలు ఆనించి, మెల్లమెల్లగా బరువు వదిలి, అది తనంతట తాను వదులయ్యేదాకా ఆగాలి. పని నేర్పిన మేడం రోజూ చెప్పిన మాట ఒక్కటే. "తొయ్యకమ్మా. తోస్తే ఒళ్ళు మొండికేస్తుంది. ఆగు." మిగతావాళ్ళకి ఆగడం నేర్చుకోవడానికి నెలలు పట్టింది. ఆమెకి మొదటిరోజే వచ్చేసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె బాగా నేర్చుకున్నది అదే.

భర్త వద్దనలేదు. ఒక్క షరతు పెట్టాడు. "ఒళ్ళు పడతానని మాత్రం ఎవరితోనూ అనకు. వినేవాళ్ళు ఏమనుకుంటారో నీకు తెలీదు. ముందు గదిలో కూర్చుని పేర్లు రాసుకుంటానని చెప్పు" అన్నాడు. మొదట్లో అలా చెప్పడానికి నోరు తిరిగేది కాదు. రానురానూ అలవాటైపోయింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా, రోజంతా ఫోన్లు ఎత్తీ ఎత్తీ చెవి వేడెక్కిపోతుందని తనే కల్పించి చెప్పేది. అంత చక్కగా అబద్ధమాడే గుణం తనలో ఉందని అంతకుముందు ఆమెకి తెలియదు.

ఇంట్లో సాయంత్రం టీ తాగడం అవగానే అత్తగారు ముక్కాలిపీట లాక్కుని ఆమె వైపు వీపు తిప్పి కూర్చుంటారు. పట్టమని అడగరు. "ఇంకొంచెం కిందకి. ఆఁ, అక్కడే" అంటారు. ఆవిడ అయ్యాక భర్త. టీవీ చూస్తూ మెడ వంచుతాడు. "నీ చెయ్యి పడితే చాలు, ఆఫీసు బరువంతా దిగిపోతుంది" అంటాడు. అప్పుడు మోచేతుల దాకా కడుక్కోమని ఎవరూ అనరు. ఆ చేతులతోనే చపాతీలు వత్తి పెడితే తింటారు. కుడిచేతి బొటనవేలి కీలు దగ్గర బఠాణీ గింజంత ఉబ్బు వచ్చి ఏడాదైంది. అదేమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె కూడా చూపించలేదు. చూపిస్తే పని సంగతి తీయాలి, పని సంగతి తీస్తే అందరూ గోడల వైపు చూస్తారు.

భర్త ఆఫీసువాళ్ళు ఏడాదికొకసారి కుటుంబాలతో కలుస్తారు. ఈసారి అద్దెకు తీసుకున్న హాలులో, ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి, మధ్యలో పిల్లలకి ఆటలు పెట్టారు. భర్త దారి పొడుగునా జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు. పెద్దసారు వాళ్ళ అమ్మగారు కూడా వస్తున్నారట, ఆవిడ దగ్గర మర్యాదగా ఉండాలి, ఎక్కువ మాట్లాడకూడదు.

లోపలికి అడుగు పెట్టగానే పెద్దసారు పక్కనున్న ఆ అమ్మగారిని మెడ చూసే గుర్తుపట్టింది. మొహం చూడక్కర్లేదు, ఆ మెడ చాలు. ఐదు నెలలుగా ప్రతి గురువారం తన చేతుల కిందికి వచ్చే మెడ అది. నలభై ఏళ్ళు కుట్టుమిషను మీద వంగి వంగి ముందుకు సాగిపోయిన మెడ. "నాకంటే జానెడు ముందు నా తలకాయే ఊరు చేరుకుంటుంది" అని ఆ కుట్టుపని పెద్దావిడ బోర్లా పడుకుని జోకులేసేది. ఇప్పుడు కాస్త నిటారుగా ఉంది. కొడుకు ఎక్కడ పనిచేస్తాడో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, ఈమె అడగలేదు.

పెద్దావిడ అప్పటికే చుట్టూ నలుగురిని పోగుచేసి నవ్విస్తోంది. ఈ హాల్లో సగంమంది పాంట్లు తాను కురచ చేసినవేనట. ఎవరి నడుం ఏ ఏడు ఎంత పెరిగిందో టేపు లేకుండా చెప్పగలదట. పక్కన పెద్దసారు నవ్వలేకా, ఆపలేకా చేతిలోని గ్లాసులోకి చూస్తున్నాడు. ఆయన భార్య మొహం అటు తిప్పుకుంది.

భర్త ముందుకెళ్ళి నమస్కారాలు పెట్టి, "మా ఆవిడ సార్. క్లినిక్‌లో ముందు గదిలో కూర్చుని అపాయింట్‌మెంట్లు చూస్తుంది" అన్నాడు. పెద్దావిడ ఆమె చెయ్యి అందుకుంది. అందుకుని వదల్లేదు. బొటనవేలి కీలు మీది ఉబ్బుని తన వేళ్ళ మధ్య పెట్టి, గుడ్డ నాణ్యం చూసినట్టు నలిపి చూసింది.

"నువ్వటే తల్లీ. కళ్ళజోడు తీసేసి బోర్లా పడుకునేదాన్ని, నాకు మొహాలేం గుర్తుంటాయి. ఈ వేలు గుర్తుంది" అని కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నా మెడ నిలబెట్టిన పిల్ల ఈ పిల్లేరా."

భర్త కూరలో ఉప్పెక్కువైనప్పుడు చూసే చూపు ఒకటి చూశాడు. ఆ ఒక్క చూపుకే ఆమె నోటి వెంట మాట వచ్చేసింది.

"మీరు పొరబడ్డారండి. నేను ముందు గదిలో కూర్చుంటాను. లోపల చేసే ఆవిడ వేరే."

అబద్ధం పాతదే. కానీ దాన్ని చెప్పిన గొంతు మాత్రం కొత్తది. మెత్తగా, జాలిగా, చిన్నపిల్లలతోనో మతి స్థిమితం లేనివాళ్ళతోనో మాట్లాడే గొంతు అది. పెద్దావిడ ఆమె బొటనవేలు చూసింది, మొహం చూసింది, మళ్ళీ బొటనవేలు చూసింది. తర్వాత చెయ్యి వదిలేసింది. "అలాగా. పొరబడ్డానేమోలే" అంది. ఆ తర్వాత హాల్లో ఆవిడ నవ్వు వినపడలేదు. పెద్దసారు, ఆయన భార్య ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మాత్రం ఆమె చూసింది. చూసి, చేతులు చేతిసంచి వెనక దాచుకుని, పిల్లల ఆటల వైపు తిరిగి నిలబడింది.

తిరిగి వస్తుంటే బస్సులో భర్త ఆమె పక్కకి జరిగి, "బాగా చెప్పావు. సమయానికి భలే తట్టింది నీకు" అన్నాడు. పదకొండేళ్ళలో ఆమె చేసిన దేన్నీ అతను బాగుందనలేదు. వంట బాగుంటే మాట్లాడకుండా తింటాడు, బాగోకపోతే మాట్లాడతాడు. ఆ మెప్పు వినగానే ఆమెకి లోపలెక్కడో వెచ్చగా అయింది. ఒక్క క్షణమే. ఆ తర్వాత, అబద్ధమాడినందుకు కాదు, ఆ వెచ్చదనానికి ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అద్దంలో కనపడుతున్న తన మొహాన్ని కూడా చూడలేక కళ్ళు మూసుకుంది.

గురువారం వచ్చింది. పెద్దావిడ ఇక రాదని ఆమె అనుకుంది. నిజం చెప్పాలంటే రాకపోతే బాగుండునని అనుకుంది. పదిన్నరకి తలుపు తోసుకుని పెద్దావిడ లోపలికి వచ్చి, పలకరించకుండా, అద్దం ముందు నిలబడకుండా, నేరుగా మంచమెక్కి బోర్లా పడుకుంది. ఎప్పుడూ ఒంటరిగా వచ్చే మనిషి వెంట ఇవాళ కోడలు వచ్చిందని, ముందు గదిలో కూర్చుందని అమ్మాయి వచ్చి చెప్పి వెళ్ళింది.

ఆమె పెద్దావిడ మెడ కింద చెయ్యి ఆనించింది. ఆగింది. ఎప్పుడూ నాలుగైదు ఊపిరులకి మెత్తబడే చోటు అది. పది ఊపిరులైనా కదల్లేదు. భుజం వైపు వెళ్ళి చూసింది. అక్కడా అంతే. తలుపులన్నీ లోపల గడియ వేసుకున్న ఇంటి ముందు నిలబడ్డట్టుంది. తనకి తెలియకుండానే వేలు తొయ్యడం మొదలుపెట్టింది. పని నేర్చిన ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని తప్పు అది.

"ఇవాళ చెయ్యి వేరేవాళ్ళదిలా ఉందే" అంది పెద్దావిడ, మొహం దిండులో ఉంచుకునే. "ఎవరు నువ్వు? ముందు గదిలో కూర్చునే ఆవిడవా?"

ఆమె చేతులు తీసేసింది.

పెద్దావిడ తనే చెప్పుకుపోయింది. నిష్ఠూరంగా కాదు, కొలతలు చెప్పినట్టు చెప్పింది. ఆ రోజు కారులో కొడుకూ కోడలూ ఏమీ మాట్లాడలేదట. ఇంటికొచ్చాక మెల్లగా మొదలుపెట్టారట. అమ్మకి మతిమరుపు వస్తోంది, పోయిన నెల కళ్ళజోడు తలమీద పెట్టుకుని ఇల్లంతా వెతికింది, ఎవరిదో పాంటు ఒక కాలు కురచ కుట్టింది, ఇప్పుడు నలుగురిలో ఎవరినో పట్టుకుని ఇంకెవరో అంది. మర్నాటికి మిషను మేడ మీది గదిలోకి వెళ్ళిపోయింది. కత్తెర కోడలి బీరువాలోకి వెళ్ళింది. చేయి కోసుకుంటారేమోనని భయమట. ఒంటరిగా వీధిలోకి వెళ్ళొద్దన్నారట. వచ్చేవారం మతిమరుపు డాక్టరు దగ్గరికట.

"వాళ్ళకి ఎప్పటినుంచో నా కుట్టుపని నామోషీ. ఒక సాకు కావలసొచ్చింది" అంది పెద్దావిడ. "నువ్వు అబద్ధమాడావని నాకు బాధ లేదు పిల్లా. మొగుడు పక్కనుంటే ఏ ఆడదైనా ఆడుతుంది, నేనాడలేదూ. కానీ రెండు రోజులు నాకే అనుమానం వచ్చింది చూడు, నిజంగానే పొరబడ్డానా అని. నా చేతిని నేను నమ్మలేకపోవడం, అదీ నాకు బాధ."

ఆమె ఇన్నాళ్ళూ తన సిగ్గు తన ఇంట్లోదే అనుకుంది. పంపు దగ్గర మొదలై పంపు దగ్గరే కడుక్కుపోయేది అనుకుంది. తన చేతుల్ని తాను కాదంటే తనకే కదా నష్టం అనుకుంది. తన నోటి మాట ఇంకొకరి చేతిలోంచి కత్తెర లాగేసుకోగలదని ఆమెకి ఊహకి కూడా రాలేదు. ఎక్కడో అంచు లాగితే ఎక్కడో ముడత పడుతుందని రోజుకి నలుగురికి చెప్పే మనిషికి ఇది తట్టలేదు.

"మీ కోడలుగారితో నేను మాట్లాడతాను" అంది.

"మరి మీ ఆయన? మావాడి కింద పనిచేసే మనిషి."

"ఉద్యోగం పోదులెండి. మొహం చెల్లదంతే."

"వాళ్ళకి అంతకంటే పెద్దదేముంది" అంది పెద్దావిడ. ఒద్దని మాత్రం అనలేదు.

లోపలి గదికీ ముందు గదికీ మధ్య ఆరడుగులు. ఆమె చెప్పుల్లేకుండానే బయటికి వచ్చింది. కుర్చీల్లో ఇంకో ఇద్దరు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. పేర్లు రాసుకునే అమ్మాయి తలెత్తి చూసింది. పెద్దసారు భార్య ఫోనులోంచి కళ్ళు పైకెత్తి, గుర్తుపట్టి, మర్యాదగా నవ్వింది. ఆ నవ్వు చూడగానే హాల్లోలాగే చేతులు వెనక్కి పోబోయాయి. ఆమె వాటిని ముందుకు తెచ్చుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుంది. చెవులు మండిపోతున్నాయి. సిగ్గు తగ్గాక చెబుదామనుకుంటే అది ఈ జన్మకి తగ్గేలా లేదు. సిగ్గుపడుతూనే చెప్పింది.

"లోపల చేసే ఆవిడ నేనేనండి. మీ అత్తగారి మెడ ఐదు నెలలుగా చూస్తున్నది నేనే. ఆవిడ పొరబడలేదు. ఆ రోజు అబద్ధం చెప్పింది నేను. ఆవిడకి మతిమరుపు లేదు, మొహంతో పని లేకుండా వేలిని బట్టి మనిషిని గుర్తుపట్టారు."

కోడలు ఫోను ఒళ్ళో పెట్టుకుని, "మరి మీవారు చెప్పింది..." అని ఆగిపోయింది.

"అది కూడా నిజం కాదండి. ఈ మాట సారుకి చెప్పండి. మావారికి నేను చెప్పుకుంటాను."

లోపలికి వచ్చేసరికి పెద్దావిడ అలాగే పడుకుని ఉంది. చెప్పావా అని అడిగింది. చెప్పానంది. కత్తెర ఇచ్చేస్తారంటావా అని అడిగింది. ఏమోనండి అంది ఆమె. "సరే, ముందు మెడ చూడు" అంది పెద్దావిడ. ఆమె బొటనవేలు ఆనించి ఆగింది. వెంటనే ఏమీ అయిపోలేదు. చాలాసేపటికి, వేలికింద, నానిన దారపు ముడిలా ఒకచోటు కొద్దిగా కదిలింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి భర్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఫోను అప్పటికే వచ్చేసినట్టుంది. అత్తగారు ముక్కాలిపీట మీద వీపు తిప్పి కూర్చుని, చెవులు మాత్రం ఇటే పెట్టి ఉన్నారు. ఆమె పంపు వైపు వెళ్ళలేదు. ఒకరి తర్వాత ఒకరిని చూసేముందు చేతులు కడుక్కోవడం క్లినిక్‌లో అలవాటే, అవి శుభ్రంగానే ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు ముంచుకుని, నిలబడి తాగింది. అత్తగారు ఆ చేతుల్ని చూశారు గానీ ఏమీ అనలేదు. భర్త అన్నాడు. నిన్నెవరు చెప్పమన్నారన్నాడు, నలుగురిలో తల ఎత్తుకోకుండా చేశావన్నాడు, రేపు ఆఫీసులో ఎలా అడుగు పెట్టాలన్నాడు. ఆమెకి సిగ్గుగానే ఉంది. అందుకే తల వంచుకుని అంతా విన్నది, మధ్యలో అడ్డు రాలేదు.

"మాట్లాడవేం? రేపు సారు అడిగితే ఏం చెప్పాలి నేను?"

ఆమె గ్లాసు కడిగి బోర్లించింది.

"పొరబడ్డానని చెప్పండి" అంది.